యాంగ్రీ విత్తా, యాంగ్రీ ఎట్టా? కోపం ఒకటే, పక్కన మాట ఎందుకు మారుతోంది

మిరపమొక్క
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు, తప్పులుంటే సర్దుకోండి.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీ సపోర్ట్ టీమ్‌లో పనిచేస్తున్నాను. రోజుకి పాతిక ముప్పై మెయిల్స్ రాయాల్సిందే. పోయిన గురువారం అమెరికా నుంచి రావాల్సిన ఒక ఫైలు రెండు రోజులు లేటయింది. ఆ ఫైలు పంపే అమ్మాయికి "వియ్ ఆర్ డిసప్పాయింటెడ్ ఇన్ యూ" అని రాసి పడేశాను. నా మనసులో ఉన్నదల్లా ఫైలు రాక ఇబ్బంది పడ్డామని చెప్పడమే. ఆ అమ్మాయి బాగా నొచ్చుకుందట. వాళ్ల లీడ్ మా మేనేజర్‌కి ఫోన్ చేశాడు. మేనేజర్ నన్ను కూర్చోబెట్టి, "ఇన్ యూ అని ఎందుకు పెట్టావమ్మా, విత్ ద డిలే అంటే సరిపోయేది కదా" అన్నారు.

అంత చిన్న మాటకి ఇంత తేడా ఉంటుందా? స్కూల్లో యాంగ్రీ విత్ అని నేర్పారు. ఆఫీసులో అందరూ యాంగ్రీ ఎట్ అంటారు. మా రూమ్మేట్ ఏమో యాంగ్రీ ఆన్ అంటుంది. హ్యాపీ, సారీ, బోర్డ్, టైర్డ్ అన్నిటితోనూ ఇదే తలనొప్పి. దీనికి ఏదైనా పద్ధతి ఉందా, లేక ఎక్కాల్లాగా బట్టీ పట్టాల్సిందేనా?

నాటుకోడి
సోమవారం, రాత్రి 9:52

యాంగ్రీ ఎట్టా అంటే ఏం చెప్తాం చెల్లెమ్మా, పళ్లు కొరుకుతూ. మా ఒంగోలు వైపు ఎట్టా అని అడిగితే అంతే సమాధానం.

గ్రూప్ టూ గ్రహచారం
సోమవారం, రాత్రి 10:05

నాకూ ఇదే కావాలి. అశోక్‌నగర్ రీడింగ్ రూమ్‌లో కూర్చుని మూడేళ్ల నుంచి ఖాళీలు పూరిస్తున్నాను. మనిషైతే విత్, వస్తువైతే ఎట్, ఇదొక్కటే నాకు తెలిసిన సూత్రం. దీంతో సగం మార్కులు వస్తున్నాయి, సగం పోతున్నాయి. పెద్దవాళ్లెవరైనా వివరంగా చెప్పండి.

సుద్దముక్క
సోమవారం, రాత్రి 10:48

ముప్పై ఒక్క ఏళ్లు గవర్నమెంటు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచిలోనూ వచ్చేది.

ముందు రూమ్మేట్ సంగతి. ఆ అమ్మాయి యాంగ్రీ ఆన్ అనడంలో ఆశ్చర్యం లేదు. మనకి కోపం ఎప్పుడూ ఎవరి మీదో ఉంటుంది. మీద అంటే ఆన్ అని ఒకటో క్లాసులో బల్ల మీద పుస్తకం పెట్టి నేర్పాం. కాబట్టి నీ మీద కోపం అంటే యాంగ్రీ ఆన్ యూ. మా తొమ్మిదో తరగతిలో ఒకడు ఇంకో అడుగు ముందుకేసి "మై ఫాదర్ ఈజ్ యాంగ్రీ ఆన్ మై హెడ్" అని రాశాడు. వాళ్ల నాన్న వాడి నెత్తినెక్కి కూర్చున్నట్టే అనిపించింది నాకు. ఆన్ మాత్రం యాంగ్రీ పక్కన పనికిరాదు. ఇది ఖాయం.

ఇక విత్, ఎట్, అబౌట్. యాంగ్రీ అనే మాట ఒక్కటే చూస్తే జవాబు దొరకదు. దాని తర్వాత ఏం వస్తోందో చూడాలి. కోపం ఎదుటి మనిషి మీదైతే విత్. ఆ మనిషి అన్న మాట, చేసిన పని మీదైతే ఎట్ లేదా అబౌట్. ఒకే వాక్యంలో రెండూ రావచ్చు. "నాన్న ఈజ్ యాంగ్రీ విత్ మీ అబౌట్ ద ఫోన్ బిల్." ఇక్కడ నేను దెబ్బలు తినేవాణ్ణి, ఫోన్ బిల్లు దెబ్బలకి కారణం. ఇద్దరికీ చెరో మాట. నేను చేసిన తప్పేదో చెప్పాలంటే ఫర్ కూడా వస్తుంది, "యాంగ్రీ విత్ మీ ఫర్ కమింగ్ లేట్" అని.

యాంగ్రీ ఎట్ యూ తప్పా అంటే, తప్పు కాదు. అమెరికాలో మనుషులకి కూడా ఎట్ మామూలుగా వాడతారు. నేర్చుకునేవాళ్ల కోసం వచ్చే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తీస్తే మనిషి దగ్గర విత్, ఎట్ రెండూ కనిపిస్తాయి. మా కాలంలో రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం వెనకాల ఉన్న జాబితా తప్ప ఇంకో దిక్కు లేదు. అందుకని ఎట్ అని రాసినవాళ్లకి నేనే ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే క్షమించండి.

అన్నాయ్డ్, ఫ్యూరియస్ కూడా దాదాపు ఇదే దారి.

మిరపమొక్క
సోమవారం, రాత్రి 11:02

చాలా థాంక్స్ మాస్టారూ. మరి నా డిసప్పాయింటెడ్ సంగతి? అక్కడ మనిషికి విత్ పెట్టాలా, ఇన్ పెట్టాలా?

డల్లాస్ ఆవకాయ
సోమవారం, రాత్రి 11:30

దీనికి నేను చెప్తాను, పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి.

డిసప్పాయింటెడ్ విత్ యూ, ఇన్ యూ రెండూ వ్యాకరణానికి సరైనవే. కానీ చెవికి తేడా ఉంది. విత్ అంటే నువ్వు చేసిన పని నాకు నచ్చలేదు, ఇవాళ్టికి అంతే. ఇన్ అంటే నిన్ను ఏదో అనుకున్నాను, నువ్వు అలాంటి మనిషివి కాదన్నమాట అని. ఇక్కడ అమ్మానాన్నలు పిల్లల్ని గట్టిగా అనాలనుకున్నప్పుడు అరవరు, మెల్లగా "ఐయామ్ డిసప్పాయింటెడ్ ఇన్ యూ" అంటారు. ఆ మాట పడ్డాక పిల్లలు అన్నం కూడా తినరు. మన ఇళ్లలో "నీ మీద పెట్టుకున్న నమ్మకం పోయింది రా" అన్నప్పుడు ఉండే బరువు దానిది. మీరు ఫైలు లేటయినందుకు ఆ అమ్మాయి గుణాన్నే తప్పుపట్టినట్టయింది. మీ మేనేజర్ చెప్పిందే రైటు. మనిషిని వదిలేసి డిలే దగ్గర విత్ గానీ ఎట్ గానీ అబౌట్ గానీ పెట్టుకోవచ్చు.

నాకూ ఇలాంటిదే జరిగింది. వచ్చిన కొత్తలో మూడు వారాల్లో నాలుగు ఊళ్లు తిప్పారు. ఒళ్లు హూనమైంది. మా బాస్ ఎలా ఉన్నావ్ అంటే "ఐయామ్ టైర్డ్ ఆఫ్ ట్రావెల్" అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాది పాటు నన్ను ఎక్కడికీ పంపలేదు. తిరుగుడు అలవెన్స్ మొత్తం పోయింది. తర్వాత తెలిసింది, టైర్డ్ ఆఫ్ అంటే విసిగిపోయాను, ఇక నా వల్ల కాదు అని. అలసట చెప్పాలంటే టైర్డ్ ఫ్రమ్ అనాలి. ఎఫ్ ఒకటే, డబ్బు తేడా.

నాటుకోడి
సోమవారం, రాత్రి 11:41

అన్నా, అలవెన్స్ పోయినందుకు మీరు ఎట్ బాసా, విత్ బాసా?

డల్లాస్ ఆవకాయ
సోమవారం, రాత్రి 11:44

ఆన్ బాస్. నెత్తి మీద.

తాళపత్రం
మంగళవారం, ఉదయం 6:15

రాత్రి నిద్రపోయాను, ఇంత చర్చ జరిగిందా. ఇంగ్లీషు మాస్టారుగారు ఉండగా నేను ఇంగ్లీషు చెప్పకూడదు గానీ, తెలుగు వైపు నుంచి ఒక మాట.

మనకి కోపం వస్తుంది, భయం వేస్తుంది, సిగ్గేస్తుంది, విసుగు పుడుతుంది. ఇవన్నీ బయటి నుంచి వచ్చి పోయే చుట్టాలు. "నాకు కోపం వచ్చింది" అనే వాక్యంలో కర్త కోపం, నేను కాదు. నేను కు విభక్తిలో ఒక మూల కూర్చున్నాను. ఇంగ్లీషువాడు "ఐయామ్ యాంగ్రీ" అంటాడు, తనే కోపం అయిపోతాడు. అందుకే మనం మాటకి మాట మార్చి రాస్తే కుదరదు. వాక్యం కట్టే తీరే వేరు.

పైగా మన దగ్గర మాత్రం ఒకే విభక్తి ఉందా? పులి అంటే భయం. పులిని చూసి భయపడ్డాడు. పులికి భయపడి చెట్టెక్కాడు. నా మీద కోపం. నేనంటే కోపం. నాతో కోపంగా ఉంది. ఇన్ని రకాలుగా మాట్లాడుతూ ఇంగ్లీషులో మూడు ఉంటే గోల పెడుతున్నాం.

ఇంకో తమాషా. సంస్కృతంలో పాణిని భయానికి కారణమైనదాన్ని అపాదానం అన్నాడు, అంటే దేన్నుంచి దూరం జరుగుతామో అది. దానికి పంచమీ విభక్తి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ భయం, జుగుప్స లాంటివి దేని వల్లనో దానికి వలన వస్తుందని ఉంది. ఇంగ్లీషు ఆఫ్ చూడండి. స్విచ్ ఆఫ్‌లో ఉన్న ఆఫ్, అఫ్రెయిడ్ ఆఫ్‌లో ఉన్న ఆఫ్, ఇప్పుడు స్పెల్లింగు వేరైనా పుట్టుకలో ఒకటే మాట. పాత ఇంగ్లీషులో దానికి దూరంగా, నుంచి అనే అర్థం. అంటే అఫ్రెయిడ్ ఆఫ్ ద టైగర్ అన్నవాడూ పులి నుంచి వెనక్కి జరుగుతున్నాడు, పంచమి వాడినవాడూ జరుగుతున్నాడు. స్కేర్డ్ ఆఫ్, అషేమ్డ్ ఆఫ్, టైర్డ్ ఆఫ్, సిక్ ఆఫ్ అన్నీ తప్పుకునే మనోభావాలే. ఈ కోణంలో చూస్తే ఆఫ్ గుర్తుపెట్టుకోవడం తేలిక.

సుద్దముక్క
మంగళవారం, ఉదయం 8:20

తాళపత్రం గారూ, పుట్టుక సంగతి నిజమే, వినడానికి బాగుంది కూడా. కానీ పిల్లలకి ఇది సూత్రంగా చెప్పకండి. ప్రౌడ్ ఆఫ్ మై సన్ అన్నప్పుడు కొడుకు నుంచి ఎక్కడికి పారిపోతున్నాం? ఫాండ్ ఆఫ్ స్వీట్స్ అన్నవాడు మిఠాయికొట్టు వైపే నడుస్తాడు గాని వెనక్కి నడవడు. జెలస్ ఆఫ్ సంగతీ అంతే, అసూయ పడేవాడు పక్కింటి గోడ దగ్గరే ఉంటాడు.

తాళపత్రం
మంగళవారం, ఉదయం 8:37

ప్రౌడ్ ఆఫ్ దగ్గర దొరికిపోయాను. ఒప్పుకుంటున్నాను. భయం వరకే నా పంచమి. జెలస్‌కి మాత్రం పాణిని దగ్గర వేరే దారి ఉంది, కోపం, ఈర్ష్య, అసూయ ఎవరి మీదో వాళ్లకి సంప్రదానం, అంటే ఇచ్చింది పుచ్చుకునేవాళ్ల స్థానం, అని చతుర్థీ విభక్తి ఇచ్చాడు. ఆయన కూడా అన్నిటినీ ఒకే తాటికి కట్టలేదు.

గ్రూప్ టూ గ్రహచారం
మంగళవారం, ఉదయం 10:10

పాణిని వరకు వెళ్లారు, నేను ఇంకా ప్రాక్టీస్ బిట్ల దగ్గరే ఉన్నాను. నిన్న ఒకటి తప్పు పెట్టారు. "షీ వాజ్ బోర్డ్ డాష్ ద లెక్చర్." నేను ఆఫ్ పెట్టాను. కీలో విత్. కానీ యూట్యూబ్ వీడియోల్లో తెల్లవాళ్లే బోర్డ్ ఆఫ్ అంటుంటే విన్నాను. ఎవరు రైటు?

సుద్దముక్క
మంగళవారం, ఉదయం 11:00

ఇద్దరూ. బోర్డ్ విత్, బోర్డ్ బై పాతవి. బోర్డ్ ఆఫ్ తర్వాత వచ్చింది, టైర్డ్ ఆఫ్ పక్కన కూర్చుని దాని అలవాటు నేర్చుకుంది. మాటల్లో ఇప్పుడు మామూలే. పద్ధతిగా రాసే చోట చాలామంది ఒప్పుకోరు. పరీక్షలో కీ తయారుచేసేవారు నా వయసువాళ్లు అనుకుని రాయి, విత్ పెట్టు బాబూ. పాసయ్యాక ఎన్ని ఆఫ్‌లైనా పెట్టుకో.

ఇంకొకటి, బోర్డ్ బదులు బోరింగ్ రాసేవాళ్లూ ఉన్నారు. "ఐయామ్ బోరింగ్" అంటే నేనే బోరు కొట్టించేవాణ్ణి అని ఒప్పుకోవడం. ముందు అది సరిచూసుకుని తర్వాత విత్ దగ్గరికి రండి.

మౌనంగా చదివేదాన్ని
మంగళవారం, మధ్యాహ్నం 1:25

ఎప్పుడూ రాయను, చదువుతాను అంతే. కానీ ఫర్ తర్వాత మనిషి వస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

మా ఆయన ఉద్యోగం వల్ల రెండేళ్లు బర్మింగ్‌హామ్‌లో ఉన్నాం. కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ భర్త చనిపోయారు. నేను ఉప్మా చేసి, స్టీలు డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. తలుపు తీయగానే ఏం అనాలో తెలియక "ఐయామ్ సారీ ఫర్ యూ" అన్నాను. ఆవిడ ముఖం ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత నా చేతిలో డబ్బా చూసి, లోపలికి రమ్మంది. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంటికొచ్చాక మా ఆయన చెప్పారు, సారీ ఫర్ యూ అంటే నిన్ను చూస్తే జాలేస్తోంది అని, ఒక్కోసారి ఎగతాళిగా కూడా వినిపిస్తుందని. "సారీ ఫర్ యువర్ లాస్" అనాల్సింది. "సారీ అబౌట్ యువర్ హస్బెండ్" అన్నా సరిపోయేది. విచిత్రం చూడండి, నేను అన్నదాంట్లోనూ, అనాల్సినదాంట్లోనూ ఫర్ ఉంది. దాని తర్వాత యూ వస్తే జాలి, లాస్ వస్తే పరామర్శ.

అదే హ్యాపీ ఫర్ యూ అంటే ఎంత మంచి మాట. నీకు మంచి జరిగింది, నాకు సంతోషం అని. హ్యాపీ విత్ యూ అంటే నీతో తృప్తిగా ఉన్నాను అని, వేరే సంగతి. హ్యాపీ అబౌట్ అంటే జరిగిన విషయం గురించి. నాకు అర్థమైనంతలో ఈ మాటల పక్కన ఫర్ తర్వాత మనిషి వస్తే ఆ మనిషి తరఫున మనం పడే భావం. అఫ్రెయిడ్ ఆఫ్ మై సన్ అంటే కొడుకంటే భయం. అఫ్రెయిడ్ ఫర్ మై సన్ అంటే కొడుక్కి ఏమవుతుందో అని భయం. మా అబ్బాయి బండి నేర్చుకుంటున్నాడు, నాకు రెండూ ఉన్నాయి.

మిరపమొక్క
మంగళవారం, మధ్యాహ్నం 1:40

అక్కా, మీరు రోజూ రాయాలి. ఆ కొడుకు వాక్యం స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

డల్లాస్ ఆవకాయ
మంగళవారం, సాయంత్రం 6:50

మా అక్క చెప్పిన ఫర్‌కి ఇక్కడ ఒక కొత్త తోక వచ్చింది. మా పాప "ఐయామ్ సో ఎక్సైటెడ్ ఫర్ ద ట్రిప్" అంటుంది. నేను నేర్చుకున్నది ఎక్సైటెడ్ అబౌట్. ఇంట్లో దిద్దబోతే "డాడీ, నోబడీ సేస్ దట్" అంది. ఇక్కడ కుర్రకారు అంతా ఫర్ అనే అంటున్నారు. ట్రిప్ తరఫున సంతోషపడటం ఏంటో నాకైతే అర్థం కాదు. రాతలో అబౌట్ పెడితే ఎవరూ వేలెత్తి చూపరు కాబట్టి నేను అక్కడే ఆగిపోయాను.

యాంక్షస్ దగ్గర కూడా జాగ్రత్త. యాంక్షస్ అబౌట్ రిజల్ట్స్ అంటే టెన్షన్. యాంక్షస్ ఫర్ న్యూస్ అంటే కబురు కోసం ఆత్రం. యాంక్షస్ ఫర్ హర్ అంటే మళ్లీ ఆమెకి ఏమవుతుందో అని.

నాటుకోడి
మంగళవారం, రాత్రి 8:05

మా ఆవిడ నిన్న అమెరికాలో ఉన్న వాళ్ల చెల్లికి ఫోన్‌లో "ఐయామ్ మ్యాడ్ అబౌట్ మై మదరిన్‌లా" అంది. పక్కనే ఉన్నాను. అత్తాకోడళ్ల మధ్య మళ్లీ ఏదో జరిగిందని భయపడి వంటింట్లోకి వెళ్లి అమ్మని అడిగాను. ఏమీ జరగలేదు అంది. ఇందులో ఏదైనా ప్రమాదం ఉందా పెద్దలూ?

డల్లాస్ ఆవకాయ
మంగళవారం, రాత్రి 8:20

తమ్ముడూ, మనిషి దగ్గర మ్యాడ్ అబౌట్ అంటే పిచ్చి ప్రేమ. మ్యాడ్ ఎట్ అంటే కోపం. మీ ఆవిడ ఉద్దేశం ఏదో నాకు తెలియదు. చెల్లెలు మాత్రం అత్తగారంటే ప్రాణం అని అనుకుని ఉంటుంది. దిద్దకుండా వదిలేయడం అందరికీ మంచిది.

గ్రూప్ టూ గ్రహచారం
మంగళవారం, రాత్రి 9:15

ఒక్క ప్రశ్న, ఇక వెళ్లి చదువుకుంటాను. అఫ్రెయిడ్ టు, అఫ్రెయిడ్ ఆఫ్ రెండూ బిట్లలో వస్తున్నాయి. రెండింటికీ భయమే కదా?

సుద్దముక్క
మంగళవారం, రాత్రి 9:50

మంచి ప్రశ్న. చిన్నప్పుడు మా ఊరి దిగుడుబావి గట్టు మీద నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకో. వాడికి ఈత వచ్చు, కానీ దూకడానికి జంకుతున్నాడు. "హీ ఈజ్ అఫ్రెయిడ్ టు జంప్." పక్కన ఇంకొకడు, వాడికి దూకే ఉద్దేశమే లేదు. నాచు పట్టిన మెట్టు మీద కాలు జారుతుందేమో అని గోడ పట్టుకున్నాడు. "హీ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ స్లిప్పింగ్." టు తర్వాత వచ్చేది మనం చేయాలనుకుని చేయలేకపోతున్న పని. ఆఫ్ తర్వాత మన ప్రమేయం లేకుండా జరిగిపోతుందేమో అనుకునే ప్రమాదం. కొన్ని చోట్ల రెండూ కుదురుతాయి, అఫ్రెయిడ్ ఆఫ్ జంపింగ్ అన్నా తప్పు లేదు. కానీ అఫ్రెయిడ్ టు స్లిప్ అని ఎవరూ అనరు. కావాలని జారేవాడు ఉండడు కదా.

అషేమ్డ్ చూడు, ఇంకా రుచిగా ఉంటుంది. "ఐయామ్ అషేమ్డ్ టు టెల్ హిమ్" అన్నవాడు సాధారణంగా ఇంకా చెప్పలేదు, సిగ్గు అడ్డొస్తోంది. "ఐయామ్ అషేమ్డ్ ఆఫ్ టెల్లింగ్ హిమ్" అన్నవాడు చెప్పేశాడు, ఇప్పుడు తల దించుకున్నాడు. చెప్పడానికి సిగ్గుపడటం, చెప్పినందుకు సిగ్గుపడటం. మన తెలుగులోనూ డానికి, నందుకు అని రెండు తోకలు ఈ పనే చేస్తున్నాయి.

పోతే, ఇన్, ఆఫ్, ఎట్ లాంటి వాటి తర్వాత క్రియ వస్తే ఐఎన్‌జీ తప్పదు. ఇది మాత్రం కళ్లు మూసుకుని రాయొచ్చు.

తాళపత్రం
మంగళవారం, రాత్రి 10:12

డానికి, నందుకు పోలిక అద్భుతం మాస్టారూ. ఇంతసేపు ఇంగ్లీషు సూత్రాల్లో వెతుకుతున్నాం, అది మన నోట్లోనే ఉంది.

మౌనంగా చదివేదాన్ని
మంగళవారం, రాత్రి 10:30

ఆఫీసు మెయిల్స్ రాసేవాళ్లకి ఇంకొకటి. కన్సర్న్డ్ అబౌట్ అంటే ఆందోళన. కన్సర్న్డ్ విత్ అంటే సంబంధం ఉన్న. "దిస్ మెయిల్ ఈజ్ కన్సర్న్డ్ విత్ యువర్ లీవ్" అంటే సెలవు గురించిన మెయిల్ అని, మెయిల్ దిగులు పడుతోందని కాదు. గ్రేట్‌ఫుల్ దగ్గర మనిషికి టు, చేసిన మేలుకి ఫర్. ఇక నేను మళ్లీ మౌనంలోకి వెళ్తున్నాను.

మిరపమొక్క
బుధవారం, మధ్యాహ్నం 12:35

అందరికీ అప్‌డేట్. నిన్న రాత్రి మీ పోస్టులు పక్కన పెట్టుకుని ఆ అమ్మాయికి మెయిల్ రాశాను. నాలుగు లైన్లకి గంట పట్టింది. ముందు "సారీ ఫర్ యూ" అని రాయబోతుంటే అక్క ఉప్మా డబ్బా గుర్తొచ్చి ఆగాను. చివరికి ఇలా పెట్టాను: "ఐయామ్ సారీ అబౌట్ మై లాస్ట్ మెయిల్. వియ్ వర్ వర్రీడ్ అబౌట్ ద ఫైల్. వియ్ ఆర్ హ్యాపీ విత్ యువర్ వర్క్ అండ్ గ్రేట్‌ఫుల్ టు యూ ఫర్ యువర్ హెల్ప్."

పొద్దున్నే జవాబు వచ్చింది. మూడు లైన్లు, చివర ఒక నవ్వు బొమ్మ. నా మీద కోపం లేదట, ఆ రోజు వాళ్ల బాబుకి జ్వరమట, అందుకే మనసుకి తగిలిందట. నేను అది చదివి కాసేపు కదలకుండా కూర్చున్నాను.

తను "ఐ వాజంట్ మ్యాడ్ ఎట్ యూ" అనే రాసింది మాస్టారూ. ఎట్.

సుద్దముక్క
బుధవారం, మధ్యాహ్నం 12:58

సున్నా చుట్టను లేమ్మా.

నాటుకోడి
బుధవారం, మధ్యాహ్నం 1:10

అంతా బాగుంది చెల్లెమ్మా. ఇంతకీ ఆ ఫైలు వచ్చిందా?

మిరపమొక్క
బుధవారం, మధ్యాహ్నం 1:12

వచ్చింది. తప్పు ఫైలు. మళ్లీ మెయిల్ రాయాలి.